దిల్‌సుఖ్‌నగర్ నుంచి 26వ అంతస్తు దాకా: షాటర్డ్ పిక్సెల్ డంజన్ అనే ఫోను ఆటతో నాలుగేళ్లు

మూడో అంతస్తులో ఒక గదికి తలుపు లేదు. తలుపు ఉండవలసిన చోట చెక్కలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. నా సంచిలో పేరు తెలియని సీసాలు రెండున్నాయి. పచ్చరంగుది ఒకటో అంతస్తులో దొరికింది, ఊదారంగుది ఈ అంతస్తులోనే ఒక మూల పడి ఉంటే తీసుకున్నాను. హైదరాబాద్ మెట్రో రైలు మలక్‌పేట దాటి మూసీ వైపు వెళ్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కినప్పటి నుంచి ఒక్క అడుగూ వేయకుండా ఆ రెండు సీసాలనే చూస్తున్నాను. చివరికి ఊదారంగు సీసాను చెక్కల మీదికి విసిరాను. భగ్గున మంట లేచింది, అడ్డు కాలిపోయింది, లోపలి సామాను నాదైంది.

అది అదృష్టం కాదు. ఈ ఆట ఏ అంతస్తులోనైనా ఇలాంటి అడ్డంకి పెట్టిందంటే, దాన్ని దాటే సాధనాన్ని కూడా అదే అంతస్తులో ఎక్కడో ఒకచోట ఉంచుతుంది. చెక్కల అడ్డు ఉంటే నిప్పు సీసా ఉంటుంది. పిరాన్హా చేపలు తిరిగే నీటి గది ఉంటే మనిషిని కనబడకుండా చేసే సీసా ఉంటుంది. విషవాయువు నిండిన గది ఉంటే దాన్ని శుద్ధి చేసే సీసా ఉంటుంది. కాబట్టి గదిని చూసి సీసాలో ఏముందో ఊహించవచ్చు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. అర్థమైన రోజు నుంచి ఈ ఆటను నేను చూసే తీరే మారిపోయింది.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. 1980 నాటి ‘రోగ్’ అనే కంప్యూటర్ ఆట పేరు మీదుగా ఈ కోవ ఆటలను రోగ్‌లైక్ అంటారు. మళ్లీ ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది. హీరో చనిపోతే అంతటితో సరి, మళ్లీ మొదటి అంతస్తు నుంచే మొదలు. ‘పిక్సెల్ డంజన్’ అనే ఫోను ఆటను ఒలెగ్ డోల్యా 2012లో విడుదల చేసి, తర్వాత దాని మూల కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు. ఆ కోడ్ మీద కెనడాకు చెందిన ఎవాన్ డెబెన్‌హమ్ 2014లో మొదలుపెట్టినదే షాటర్డ్ పిక్సెల్ డంజన్. ఇన్నేళ్లుగా ఆయన దానికి కొత్త హంగులు చేరుస్తూనే ఉన్నారు. 2023లో డ్యూయలిస్ట్, 2025లో క్లెరిక్ వచ్చి చేరడంతో హీరోలు ఆరుగురయ్యారు. దీని కోడ్ కూడా ఎవరైనా చూడగలిగేదే.

ఆండ్రాయిడ్ ఫోనులో ఆట మొత్తం ఉచితం. ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ అక్కరలేదు. చచ్చిపోయినప్పుడు డబ్బు కట్టి బతికే ఏర్పాటు అసలే లేదు. ఐఫోనులోకి 2021లో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లోకి 2022లో వచ్చింది. ఆ రెండుచోట్ల ఒక్కసారి కొద్దిపాటి ధర చెల్లించాలి. ఏడాది పాటు ఫోనులో ఉచితంగా ఆడాక నేను స్టీమ్‌లో కూడా కొన్నాను. కంప్యూటర్‌లో ఆడాలన్న కోరిక కన్నా, ఇంత పని చేసిన మనిషికి నా వంతు చేరాలన్న కోరికే అందుకు కారణం.

నాకు దీన్ని చూపించినవాడు మా అక్క కొడుకు. 2021 వేసవిలో, వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, తన పాత ఫోను నా చేతికిచ్చాడు. నేను మొదటి అంతస్తులోనే దొరికిన సీసా దొరికినట్టు తాగేస్తుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. “పిన్నీ, తెలియనిది గది మధ్యలో నిలబడి తాగకు. తలుపు దగ్గర తాగు. విషవాయువైతే బయటికొచ్చేస్తే తలుపు మూసుకుంటుంది. నిప్పు భయముంటే పక్కన నీళ్లు చూసుకో.” ఈ ఆట గురించి ఎవరైనా నాకు చెప్పిన మొదటి మాట అదే, నేను కొత్తవారికి చెప్పే మొదటి మాటా అదే.

పన్నెండు రకాల సీసాలు, పన్నెండు రకాల స్క్రోళ్లు (మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు) ఉంటాయి. ఏ రంగు సీసాలో, ఏ గుర్తున్న స్క్రోల్‌లో ఏముందో ఆటకో తీరుగా మారుతుంది. అందువల్ల ప్రతిసారీ మొదటి ఐదారు అంతస్తులు అన్వేషణగా సాగుతాయి. ఒకే గుర్తున్న స్క్రోళ్లు తొందరగా రెండు దొరికితే, అవి ఆయుధాన్ని బలపరిచే అప్‌గ్రేడ్ స్క్రోళ్లు కావడానికే ఎక్కువ అవకాశం. ఎందుకంటే ప్రతి ఐదు అంతస్తులకు అవి మూడు చొప్పున ఖాయంగా దొరుకుతాయి. కొద్దిపాటి ఆధారాలతో ఇలా ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోవడంలో ఉన్న సుఖం నాకు మరే ఫోను ఆటలోనూ దొరకలేదు. నేను లెక్కల పని చేసేదాన్ని, అందుకే ఇది నాకింత పట్టిందేమో.

పోరాటంలోనూ ఇంతే. మనం కదిలితేనే శత్రువు కదులుతాడు, కాబట్టి వేళ్ల వేగంతో పని లేదు. మనల్ని చూడని శత్రువు మీద వేసే దెబ్బ తప్పిపోదు. అందుకే ఎదురుగా నిలబడి కొట్టుకోకుండా గది బయటికి వెళ్లి, తలుపు పక్కన నక్కి, వాడు గడప దాటుతున్నప్పుడు కొట్టాలి. ఐదో అంతస్తులో గూ అనే నల్లటి బురద ముద్ద మొదటి బాస్, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు. అది నీళ్లలో ఉంటే గాయాలు మాన్పుకుంటుంది, ఉబ్బడం మొదలుపెట్టిందంటే పెద్ద దెబ్బ రాబోతోందని అర్థం. ఉబ్బగానే దూరంగా జరగాలి, పొడినేల మీదికి లాగాలి. మొదట్లో నేను వరసగా దాని చేతిలోనే చనిపోయేదాన్ని. ఈ రెండు సంగతులు గమనించాక అదే గూ, అదే కత్తితో, చాలాసార్లు నాకు గాయం కాకుండానే పడింది. మారింది నా చూపు మాత్రమే.

నా రోజువారీ ప్రయాణానికి ఇది అచ్చంగా సరిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఒక రైలు, అక్కడ మారి హైటెక్ సిటీకి ఇంకొకటి. అమీర్‌పేటలో మెట్ల మీద జనం తోసుకుంటున్నప్పుడు ఫోను సంచిలో వేసేస్తాను. పై ప్లాట్‌ఫాం మీద తీసి చూస్తే ఎలుక ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంటుంది. గమ్యం వచ్చిందని ఆట మధ్యలో చంపుకోవలసిన పని లేదు.

ఇక లోపాలు. చిన్నవి ముందు చెప్పేస్తాను. చిన్న తెర ఫోనులో గళ్లు వేలికంటే సన్నగా ఉంటాయి. పెద్దగా చేసుకోకుండా తాకితే పక్క గడిలోకి అడుగు పడుతుంది, అక్కడ అగాధం ఉంటే ఆట జాగ్రత్తగా మరోసారి అడుగుతుంది గానీ శత్రువు ఉంటే అడగదు. భాషల జాబితాలో తెలుగు లేదు. వస్తువుల వివరణలే ఈ ఆటకు ప్రాణం కాబట్టి ఇంగ్లిషు చదవడం కష్టమైనవారికి ఇది పెద్ద అడ్డే. మా అమ్మకు నేర్పబోయి అక్కడే ఆగిపోయాను. రసవాదపు కుండలో సీసాలు, గింజలు కలిపి కొత్తవి చేసుకునే ఏర్పాటు ఉంది గానీ, ఏది దేనితో కలపాలో చదివి గుర్తుపెట్టుకునే ఓపిక నాకు మూడో ఏడాదికి గానీ రాలేదు.

అసలు లోపం వేరు, అది ఆట నిర్మాణంలోనే ఉంది.

హీరో బలం చాలావరకు ఆ అప్‌గ్రేడ్ స్క్రోళ్ల నుంచే వస్తుంది. ఆఖరిదైన 26వ అంతస్తుకు ముందున్న 25 అంతస్తుల్లో ఖాయంగా దొరికేవి 15. వాటిని నాలుగైదు వస్తువులకు పంచితే ఏదీ పనికిరాదు. ఒక కత్తికో, ఒక కవచానికో, ఒక మంత్రదండానికో దాదాపు అన్నీ పోయాలి. ఈ నిర్ణయం ఏడెనిమిదో అంతస్తుకల్లా అయిపోతుంది. ఆ తర్వాత కొత్త ఆయుధం ఎంత గొప్పది దొరికినా చూసి వదిలేయడమే, ఎందుకంటే అప్పటికే పెట్టుబడంతా ఒకచోట పెట్టేశాం. మొదటి పది అంతస్తులైన మురుగు కాలువల్లో, జైలులో అడుగడుగునా ఆలోచింపజేసిన ఆట, గుహల్లోకి, మరుగుజ్జుల నగరంలోకి వచ్చేసరికి ముందు తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేసే పనిగా మిగిలిపోతుంది. రంగుల రహస్యాలన్నీ అప్పటికి విడిపోయి ఉంటాయి. 16 నుంచి 20 వరకు ఉన్న అంతస్తులు నేను ఎన్నిసార్లు ఆడానో, అన్నిసార్లు త్వరగా అయిపోతే బాగుండునని అనుకున్నాను.

పైగా ఒక్కో ఆట చాలా పొడుగు. గెలిచే ఆట నాకు ఐదు గంటలు పడుతుంది, అంటే రానూపోనూ మూడు రోజుల ప్రయాణం. ఇరవై దాటాక చనిపోతే ఆ మూడు రోజులూ పోయినట్టే. కిందటి ఏడాది 22వ అంతస్తులో అలాగే అయింది. ఈవిల్ ఐ అనే ఎగిరే కన్ను ఒకటుంటుంది, ముందు చూపు బిగిస్తుంది, తర్వాత సూటిగా కిరణం వదులుతుంది. మధ్యలో దొరికే ఆ కాస్త వ్యవధిలో దాని వరుస నుంచి పక్కకు తప్పుకోవాలి. నేను సన్నటి నడవాలో ఉన్నాను, పక్కకు చోటు లేదు. చనిపోయాక చూసుకుంటే సంచిలో క్షణంలో మరో చోటికి చేర్చే టెలిపోర్టేషన్ స్క్రోల్ ఉంది. మంచి సమయం కోసం దాచి దాచి ఆ మంచి సమయంలోనే మరిచిపోయాను. ఆ రోజు ఆఫీసులో మధ్యాహ్నం దాకా మనసు బాగాలేదు. అయినా ఆటను తప్పుపట్టలేను. ఈ నాలుగేళ్లలో నా చావుల్లో తొంభై శాతానికి కారణం వేలు పెట్టి చూపగలను. మిగిలినవి పూర్తిగా దురదృష్టమే, ముఖ్యంగా మొదటి రెండు అంతస్తుల్లోనివి.

ఇంతవరకు 380 ఆటలు ఆడితే 27 గెలిచాను. మొదటి గెలుపుకు ఎనిమిది నెలలు పట్టింది. గెలిచాక ఆట చప్పబడుతుందేమో అనుకున్నాను. అప్పుడు దొరికింది సవాళ్ల జాబితా. మొత్తం తొమ్మిది సవాళ్లు, ఆట మొదలుపెట్టే ముందు కావలసినవి ఎంచుకోవచ్చు. ఆహారం తగ్గించేది ఒకటి, చీకటి పెంచేది ఒకటి. వాటిలో ‘ఫర్బిడెన్ రూన్స్’ అనేదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది అప్‌గ్రేడ్ స్క్రోళ్లను సగానికి తగ్గిస్తుంది. కష్టం పెంచడానికే అనుకుని మొదలుపెట్టాను, తీరా చూస్తే నేను పైన చెప్పిన లోపానికే అది మందు. అన్నీ ఒక కత్తిలో పోసి నిశ్చింతగా ఉండే వీలు పోయింది. 17వ అంతస్తులో కూడా ప్రతి సీసా, ప్రతి గింజ, ప్రతి తలుపు మళ్లీ లెక్కలోకి వచ్చాయి. ఇన్నాళ్లు తప్పించుకు తిరిగిన రసవాదపు కుండ దగ్గర అప్పుడే కూర్చున్నాను. ఇది ఆఖరున, అదనపు సవాలుగా కాక, ఆటలో మామూలు మార్గంగానే ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం. కొత్తవాళ్లు ఇక్కడిదాకా రాకుండానే, రెండో సగం విసుగు పుట్టించి వదిలేస్తారు. నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు అలాగే వదిలేశారు.

బొమ్మలు పాతకాలపు చుక్కల బొమ్మలే, నాకు ఇష్టమే. సంగీతం బాగుంటుంది గానీ రైల్లో శబ్దం ఆపేసే ఆడతాను. కథ దాదాపు లేదు.

ఒక చిన్న ఏర్పాటు మాత్రం చెప్పకుండా ఉండలేను. ఒక ఆటలో చనిపోయిన హీరో ఎముకలు, తర్వాతి ఆటలో అదే అంతస్తులో ఒక్కోసారి కనిపిస్తాయి, వాటి దగ్గర ఆ హీరో వస్తువు ఒకటి దొరుకుతుంది. ఆ 22వ అంతస్తు చావు తర్వాత మళ్లీ అంత లోతుకు వెళ్లడానికి నాకు నెల పట్టింది. అక్కడ నా ఎముకలు దొరికాయి. మా అక్క కొడుకు ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి ఏడాది, ఆ రాత్రి ఫోను చేస్తే మొదట అడిగింది అదే.

“ఏం దొరికింది పిన్నీ?”

“నా కవచమే రా, కొన్ని అప్‌గ్రేడ్లతో.”

“వేసుకున్నావా?”

వేసుకున్నాను. ఆ ఆట గెలిచాను కూడా.