బోరు నీళ్లా, నల్లా నీళ్లా, క్యాన్ నీళ్లా? కొత్త ట్యాంకులో చేపకు ఏది మేలు?

పోయిన దసరాకు మా చెల్లెలి కొడుక్కి గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్‌లు కొనిచ్చాను. పుచ్చకాయంత గిన్నె, మహా అయితే నాలుగు లీటర్లు పడుతుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నుంచి స్కూటర్ మీద కవర్ పట్టుకుని పోతుంటే వాడి మొహం చూడాలి! కొన్నచోట ఒకటే మాట చెప్పారు: "రోజూ నీళ్లు మార్చండి సార్, ఏం కాదు." చెల్లెలు అక్షరాలా అదే చేసింది. పొద్దున్నే గిన్నెను పీచు పెట్టి తోమడం, నల్లా కింద పెట్టి నింపడం, చేపల్ని మళ్లీ అందులో వేయడం. నాలుగో రోజు ఫోన్. "మామా, ఒకటి పక్కకు ఒరిగి ఈదుతోంది." సాయంత్రానికి రెండూ పోయాయి.

ఆ తర్వాత నేను కాస్త పట్టుదలకు పోయాను. మా ఇంట్లో ఒకటి, చెల్లెలింట్లో ఒకటి, రెండు ట్యాంకులు పెట్టి ఏడాది కావస్తోంది. చాలామంది ముందు చేప కొని, తర్వాత దానికి తగ్గ నీళ్లు ఎట్లా చేయాలా అని తల పట్టుకుంటారు. నా మాట వినండి: మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయో ముందు చూసుకోండి, ఆ నీళ్లకు సరిపోయే చేపను తెచ్చుకోండి.

గిన్నెనా, ట్యాంకా అన్నది పెద్దగా తేల్చాల్సిన విషయమే కాదు. గిన్నె వద్దు. "మొదటిసారి కదా, చిన్నదైతే సులువు" అనుకుంటాం, జరిగేది దానికి ఉల్టా. చేప విసర్జించేది నాలుగు లీటర్లలో కలిస్తే పూటలో విషమవుతుంది. అదే నలభై లీటర్లలో కలిస్తే మనం తప్పు చేసినా దిద్దుకోవడానికి రెండు మూడు రోజులు దొరుకుతాయి. 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న ట్యాంకులో నిండా పోస్తే 42 లీటర్లు పడతాయి. మొదలుపెట్టేవాళ్లకు అదే చిన్న ట్యాంకు. నీళ్ల బరువే 42 కిలోలు, పైగా గాజు, గులకరాళ్లు. ప్లాస్టిక్ స్టూల్ మీద పెట్టకండి.

ఇక అసలు సంగతి, నీళ్లు.

నల్లగొండ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూసి పెరిగినవాళ్లం కాబట్టి, చేప చచ్చినా ముందు బోరునే తిడతాం. కానీ కొత్త ట్యాంకులో మూడు నాలుగు రోజుల్లో చేప పోయిందంటే ఆ నింద ఫ్లోరైడ్ మీద వేయడం తప్పు. అంత తొందరగా చంపేవి రెండు: నల్లాలో వచ్చే క్లోరిన్, చేప తనే వదిలే అమ్మోనియా.

నల్లా నీళ్లు, అంటే మన మిషన్ భగీరథ నీళ్లు, కృష్ణ నుంచి వచ్చి శుద్ధి అయినవి. బోరుతో పోలిస్తే ఉప్పు తక్కువ, చాలా రకాల చేపలకు నప్పుతాయి. చిక్కల్లా క్లోరిన్‌తోనే. మనల్ని రోగాల నుంచి కాపాడే క్లోరినే చేప మొప్పల్ని కాలుస్తుంది. ఒక్కోరోజు గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటేనే వాసన గుప్పుమంటుంది కదా, ఆ రోజు నీళ్లు నేరుగా పోస్తే చేపకు పొగలో ముంచినట్టే. మా చెల్లెలింట్లో జరిగింది ఇదే, రోజూ తాజాగా. మందు చాలా తేలిక. వెడల్పు మూతి ఉన్న బకెట్లో లేదా డ్రమ్ములో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే షాపుల్లో యాంటీ క్లోరిన్ అని చిన్న సీసా దొరుకుతుంది, సీసా మీద రాసిన లెక్క ప్రకారం చుక్కలు వేస్తే నిమిషాల్లో పని అవుతుంది. నల్లా రాని రోజు కోసం ఎట్లాగూ డ్రమ్ములో పట్టి పెట్టుకునే ఇళ్లు మనవి. ఆ అలవాటే ఇక్కడ కలిసొస్తుంది.

బోరు నీళ్లలో క్లోరిన్ గొడవ లేదు. అయితే భూమిలోంచి అప్పుడే పైకొచ్చిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ ఉంటుంది, కాబట్టి ఒక రాత్రి ఎయిర్ పంప్ పెట్టి బుడగలు ఆడించాలి. గీజర్ రాడ్డుకు తెల్లగా పెచ్చు కట్టే నీళ్లు, బకెట్ అంచున ఎంత తోమినా పోని తెల్ల గీత పెట్టే నీళ్లు మనకు చీదర. గప్పీ, మోలీ అనే చిన్న చేపలకు మాత్రం ఆ సున్నపు నీళ్లే ఇష్టం. నేను మొదట నమ్మలేదు. మా ఇంట్లో బోరే గతి, అందులోనే గప్పీలు ఇప్పుడు మూడో తరం. ఒక్క ప్రమాదం చెప్పాలి. బోరు నీళ్లకు పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువ, ఎనిమిది దాకా ఉంటుంది. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పోతే అదే అమ్మోనియాలో విషంగా మారే వాటా దాదాపు పదింతలవుతుంది. ఎండాకాలం వేడి దీనికి తోడు. అందుకే బోరు నీళ్ల ట్యాంకులో చేపలు తక్కువ, మేత ఇంకా తక్కువ ఉండాలి.

"అన్నా, మేం తాగే క్యాన్ నీళ్లే పోస్తాం, అంతకన్నా మంచివేముంటాయి?" అంది చెల్లెలు, రెండోసారి మొదలుపెట్టేటప్పుడు. ప్రేమే, కానీ దండగ. మిషన్‌లో వడకట్టిన నీళ్లలో ఉప్పుతో పాటు చేపకు కావాల్సిన ఖనిజాలూ పోతాయి. ఇంకో ఇబ్బంది మెల్లగా బయటపడుతుంది. ట్యాంకును శుభ్రం చేసే బ్యాక్టీరియా పని చేసినకొద్దీ నీళ్లలోని క్షారం ఖర్చవుతుంది. క్యాన్ నీళ్లలో అది మొదలే లేదు కాబట్టి కొన్ని వారాలకు పీహెచ్ దబ్బున పడిపోయి బ్యాక్టీరియా పని ఆపేస్తుంది. బోరు మరీ ఉప్పగా ఉంటే సగం బోరు, సగం క్యాన్ కలపొచ్చు. ఉత్త క్యాన్ నీళ్లు మాత్రం నేను పోయను.

కాబట్టి నా వరస: డ్రమ్ములో ఒక రోజు నిలవ పెట్టిన నల్లా నీళ్లు మొదటిది. నల్లా లేకుంటే బోరు, గప్పీలతో. క్యాన్, కలుపుకోవడానికి మాత్రమే.

తర్వాతి పేచీ ఎప్పుడూ పిల్లలతోనే. ట్యాంకు తెచ్చిన రోజే చేపలు వేయాలా, నెల ఆగాలా? రెండో ప్రయత్నంలో మా అల్లుడి ఏడుపు చూడలేక ఒకేరోజు ఎనిమిది చేపలు వేశాం. మూడు రోజులు ఇల్లంతా పండగ. ఐదో రోజు నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి చేరి మూతులు బయటపెట్టి గుటకలు మింగుతున్నాయి, మొప్పల అంచు ఎర్రగా కమిలిపోయి కనిపిస్తోంది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, నీళ్లు మురికైనాయని ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద శుభ్రంగా పిండి పిండి ఉతకడం. ఉన్న కాసింత బ్యాక్టీరియా కూడా మోరీలో పోయింది. ఎనిమిదిలో మూడు మిగిలాయి.

లోపల జరిగేది ఇదీ. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, అది కొంత పేరుకున్నా చేప ఓర్చుకుంటుంది. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో, రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో నీళ్లు అద్దంలా ఉంటాయి కానీ ఈ పని చేసేవాళ్లే ఇంకా రాలేదు. పాలు కాచి చల్లార్చి తోడు వేయకుండా పెరుగు కోసం కూర్చున్నట్టు.

తోడు మాట ఊరికే అనలేదు. తెలిసినవాళ్లింట్లో పాత ట్యాంకు నడుస్తుంటే, వాళ్ల స్పాంజిని మన నీళ్లలో పిండించుకోండి. గోధుమ రంగు బురదలా దిగుతుంది, ముఖం చిట్లించకండి, అదే మన తోడు. ఆరు వారాలు రెండు మూడు వారాలకు తగ్గుతుంది. పాత ట్యాంకులో రోగం లేదని మాత్రం చూసుకోండి. అట్లా దొరక్కపోతే చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి ఫిల్టర్ నడుపుతూ పోవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి నైట్రేట్ కనిపిస్తే ట్యాంకు తయారైనట్టు. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ చేపల కన్నా ఖరీదే, అయినా కొనండి.

ఆగడం మేలు, అందులో సందేహం లేదు. కానీ తొమ్మిదేళ్ల పిల్లాడి ముందు ఆరు వారాలు ఖాళీ ట్యాంకు పెట్టి చూడండి తెలుస్తుంది. మధ్య దారి ఒకటుంది. రెండంటే రెండే గప్పీలు, రోజు విడిచి రోజు నాలుగో వంతు నీళ్లు మార్పు, మేత చిటికెలో సగం. కిట్‌లో నైట్రైట్ రంగు పెరిగితే లీటరుకు ఒక గ్రాము దొడ్డుప్పు కలిపితే కొంత అడ్డుకుంటుంది. అమ్మోనియాకు ఉప్పు పనిచేయదు, నీళ్లు మార్చడమే. షాపుల్లో ఇచ్చే నీలం మందు వేయకండి, అప్పుడప్పుడే కుదురుకుంటున్న బ్యాక్టీరియాకు అది చేటు. ఇంట్లో మనీ ప్లాంట్ తీగ ఉంటే వేళ్లు నీళ్లలో మునిగేలా, ఆకులు బయట ఉండేలా పెట్టండి. నైట్రేట్‌ను అదే లాగేస్తుంది.

చేప సంగతికి వస్తే, గోల్డ్ ఫిష్ మన బంగారు తీగకు చుట్టం. బంగారు తీగను గిన్నెలో పెంచుతామా? అడుగు దాటి పెరగకపోయినా గోల్డ్ ఫిష్ జానెడు అవుతుంది, పదేళ్లకు పైగా బతకగలదు, తిన్నంత వదులుతుంది. పైగా చల్లటి నీళ్ల చేప. మే నెలలో 44 డిగ్రీలు కాసే ఊళ్లో 42 లీటర్లలో దాన్ని పెట్టడం పాపం. ఫైటర్ చేప దానికి ఉల్టా. చేపల మార్కెట్లో బొచ్చె, రవ్వ చచ్చి పడున్నా కొర్రమీను టబ్బులో చెంబెడు నీళ్లలో కొట్టుకుంటూ ఉంటుంది చూశారా, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి. ఫైటర్‌కీ ఆ విద్య ఉంది. కరెంటు పోయినా తట్టుకుంటుంది. గాలి పీల్చినంత మాత్రాన అమ్మోనియా దాన్ని వదలదు, సీసాలో పెంచొచ్చని కాదు. ఇరవై లీటర్లైనా ఇచ్చి ఒక్కదాన్నే ఉంచాలి, రెండు మగవి కలిస్తే చీల్చుకుంటాయి. పిల్లలకు ఒక్క చేప చప్పగా ఉంటుంది. సంక్రాంతి చలికి నీళ్లు 24 కన్నా తగ్గితే మూలకు ముడుచుకుంటుంది కూడా.

నా ఓటు గప్పీకే. ఒక మగదానికి రెండు ఆడవి చొప్పున ఆరు సరిపోతాయి. నెలకోసారి పిల్లల్ని పెడతాయి. ఆరునెలల్లో ఎవరికి పంచాలా అన్నదే మీ టెన్షన్ అవుతుంది. దోమల కోసం కుంటల్లో వదిలే గంబూసియా చూడటానికి ఆడ గప్పీలానే ఉంటుంది, తెచ్చి కలపకండి, తోకలు కొరికేస్తుంది.

ఫిల్టర్‌లో స్పాంజిదే మేలు, చవక, పిల్ల చేపల్ని లాగదు. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, నల్లా కింద కాదు. అప్పుడు మిగిలిన మూడిటిలో ఒకటి ఇప్పటికీ ఆ పాఠం గుర్తు చేస్తూ తిరుగుతోంది. హీటర్ కొనమంటారు, మనకు దానికన్నా ఫ్యాన్ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మూత తీసి, పైన వల వేసి, టేబుల్ ఫ్యాన్ నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు ఆవిరై తగ్గినచోట క్యాన్ నీళ్లు పోయండి. ఆవిరైనప్పుడు ఉప్పు లోపలే ఉండిపోతుంది కదా, క్యాన్ నీళ్లకు అక్కడ పని దొరికింది.

మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేసినంత. చేప కడుపు దాని కన్ను అంత అనుకుని వేయండి. మొన్న పెళ్లికి మూడు రోజులు ఊరెళ్తూ చెల్లెలు పక్కింటి ఆవిడకు తాళం ఇచ్చింది. మా అల్లుడు ఆవిడ చేతిలో మేత డబ్బా పెట్టబోయి మళ్లీ లాక్కున్నాడు. "ఆంటీ, మూడు రోజులు తినకపోతే ఏం కావు. మీరు కరెంటు పోతే చూడండి చాలు, గింజలు ముట్టొద్దు" అన్నాడు. డబ్బా జేబులో వేసుకుని బస్సెక్కాడు.