మెంపూల్ డాట్ స్పేస్: నా బిట్‌కాయిన్ ఎక్కడుందో నేనే చూసుకున్నాను

క్రిప్టో నేర్చుకుందామనుకునేవాళ్లు ముందు ఏ కోర్సు చేయాలి, ఏ యూట్యూబ్ ఛానల్ చూడాలి అని అడుగుతుంటారు. నన్నడిగితే కోర్సు సంగతి తర్వాత, ముందు మెంపూల్ డాట్ స్పేస్ తెరిచి పెట్టుకోండి అంటాను. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో జరిగే ప్రతి లావాదేవీనీ చూపించే సైటు అది. ఇలాంటి వాటిని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్లు అంటారు. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ లేదు, ఫోన్ నంబరు అడగదు. 2023 నుంచి వాడుతున్నాను. అందులో హంగులు చాలానే ఉన్నాయి గానీ నేను పట్టుకు వేలాడేది ఒక్కదాన్నే. ట్రాన్సాక్షన్ ఐడీ పెట్టి వెతికితే ఆ డబ్బు ఈ నిమిషాన ఎక్కడుందో, ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా చూసుకోవచ్చు.

విజయవాడలో హోల్‌సేల్ షాపులకు లెక్కలు రాస్తాను నేను. బిల్లుకీ బ్యాంకు స్టేట్‌మెంటుకీ పొంతన కుదిరిందా లేదా అని చూడటమే రోజూ నా పని. అందుకే మొదట్లో విన్న క్రిప్టో పాఠాలేవీ నాకు ఎక్కలేదు. వికేంద్రీకరణ, మార్చడానికి వీల్లేని రికార్డు, పారదర్శకత అంటూ గంటలకొద్దీ చెబుతారు. ఆ రికార్డు ఏదీ, ఒకసారి చూపించండి అంటే మాత్రం మళ్లీ బొమ్మలు గీసిన స్లైడే వస్తుంది. పుస్తకం తెరిచి చూపించకుండా లెక్క సరిగ్గానే ఉందంటే నాలాంటివాళ్లం ఒప్పుకోలేం.

నాకు మొదటి పాఠం దొరికింది 170వ బ్లాకులో. బ్లాకంటే కొన్ని లావాదేవీలు కలిపి కట్టిన కట్ట, అవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా చేరితే అదే చెయిన్. సైటు పైన వెతికే పెట్టెలో 170 అని కొట్టండి. 2009 జనవరి 12న బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ నకమోటో, హాల్ ఫినీ అనే ప్రోగ్రామర్‌కి 10 బిట్‌కాయిన్లు పంపిన లావాదేవీ వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి వెళ్లిన మొట్టమొదటి బిట్‌కాయిన్ చెల్లింపు అదే. అది ఇప్పటికీ అక్కడే ఉంది, పైసా తేడా లేకుండా. ఎడమవైపు 50 బిట్‌కాయిన్లు లోపలికి వస్తున్నట్టు, కుడివైపు 10 ఒక చోటికీ 40 ఇంకో చోటికీ వెళ్తున్నట్టు కనబడుతుంది. పంపింది 10 కదా, మరి ఆ 40 ఎవరికి? తిరిగి సతోషీకే. వంద రూపాయల కూరలకు ఐదొందల నోటిస్తే నాలుగొందలు చిల్లర ఇచ్చినట్టు, బిట్‌కాయిన్‌లో చేతికొచ్చిన మొత్తాన్ని పూర్తిగా ఖర్చుపెట్టి, మిగిలింది మనకే కొత్తగా రాయించుకుంటాం. బ్యాంకు ఖాతాలో ఉన్నట్టు బ్యాలెన్స్ అనే అంకె ఎక్కడా ఉండదు. ఖర్చుకాని ముక్కలుంటాయి, వాటిని కూడి చూపించేది వాలెట్. తర్వాత నా వాలెట్ నుంచి మా తమ్ముడి వాలెట్‌కి కొంచెం పంపినప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే, ఉన్నదంతా ఒక్కసారిగా బయటికెళ్లి, పెద్ద భాగం నాకు తెలియని చిరునామాకి చేరినట్టు కనిపించింది. 170వ బ్లాకు చూసి ఉన్నాను కాబట్టి అది నా చిల్లరేనని వెంటనే అర్థమైంది.

రెండోది ఫీజు. తెర మీద మధ్యలో గీత, ఎడమవైపు ఇంకా బ్లాకులోకి ఎక్కని లావాదేవీలు, కుడివైపు ఎక్కినవి. సగటున పది నిమిషాలకో బ్లాకు అంటారు. చూస్తూ కూర్చుంటే కొన్నిసార్లు నిమిషంలో రెండొస్తాయి, కొన్నిసార్లు ముప్పావుగంట గడిచినా ఒక్కటీ రాదు. 2,016 బ్లాకులకోసారి నెట్‌వర్క్ తనే బ్లాకు తయారీ కష్టస్థాయిని సవరించుకుని సగటును మళ్లీ పది నిమిషాల దగ్గరికి తెచ్చుకుంటుంది. ఫీజు మనం పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, లావాదేవీ ఆక్రమించే చోటును బట్టి ఉంటుంది. మామూలు చిన్న లావాదేవీ ఇప్పటి చిరునామాలతో సుమారు 140 వర్చువల్ బైట్లు (ఆ చోటుకి కొలత). సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పదికోట్లవ వంతు; బైటుకి 5 సతోషీల రేటుంటే మొత్తం 700 సతోషీలు. బిట్‌కాయిన్ 50 లక్షల రూపాయలున్నప్పుడు అది 35 రూపాయలు. లక్ష పంపినా అంతే, కోటి పంపినా అంతే. ఈ లెక్క తెలిశాక ఎక్స్ఛేంజీలు (క్రిప్టో కొని అమ్మడానికి వీలిచ్చే కంపెనీలు) విత్‌డ్రాయల్ చార్జీ పేరుతో పట్టుకునేది చూస్తే నాకు కడుపు మండుతుంది.

2024 ఏప్రిల్ 20 తెల్లవారుజామున హాల్వింగ్ చూడ్డానికి లేచాను, అంటే బ్లాకులు తయారుచేసే మైనర్ల బహుమతి సగానికి తగ్గే ఘట్టం. 5.39కి 8,40,000వ బ్లాకు వచ్చింది. మైనర్‌కి కొత్తగా దక్కే బిట్‌కాయిన్లు 6.25 నుంచి 3.125కి తగ్గాయి. కానీ ఆ ఒక్క బ్లాకులో జనం కట్టిన ఫీజులే 37 బిట్‌కాయిన్లు దాటాయి. సరిగ్గా ఆ బ్లాకుతోనే రూన్స్ అనే కొత్త టోకెన్ల పద్ధతి మొదలైంది, ముందు చోటు దక్కించుకోవాలని పోటీపడ్డారు. ఫీజంటే పెట్టిన ధర కాదు, వేలంపాట అని ఏ వీడియోలోనూ అంత స్పష్టంగా తెలియలేదు నాకు.

ఇక అసలు సంగతి. 2025 వేసవిలో, అప్పటిదాకా ఒక ఎక్స్ఛేంజీలో కొని పెట్టుకున్న బిట్‌కాయిన్‌ని నా సొంత వాలెట్‌కి మార్చుకుందామని శుక్రవారం సాయంత్రం విత్‌డ్రాయల్ పెట్టాను. కాసేపటికి యాప్‌లో పచ్చటి టిక్కు, కింద 'కంప్లీటెడ్' అని వచ్చింది. ఎక్స్ఛేంజీ బ్యాలెన్సులోంచి మొత్తం తీసేశారు. వాలెట్ తెరిస్తే సున్నా. ట్రాన్సాక్షన్ ఐడీ ఉండాల్సిన చోట చిన్న గీత. నా చిరునామా ఎక్స్‌ప్లోరర్‌లో పెడితే ఆ చిరునామాకి ఇంతవరకూ ఒక్క లావాదేవీ కూడా లేదంది. బ్లాకులోకి ఎక్కనివాటిలోనూ లేదు.

చాట్‌లో అడిగితే "బ్లాక్‌చెయిన్‌లో రద్దీ ఎక్కువగా ఉంది మేడమ్, 24 గంటలు వేచి ఉండండి" అన్నారు. ఇదివరకైతే సరేనని ఫోన్ పక్కన పెట్టేదాన్నేమో. ఆ సమయానికి రద్దీ నా కళ్లముందే ఉంది. తర్వాతి బ్లాకులో చోటుకి బైటుకి 2 సతోషీలు పెడితే సరిపోతుందని చూపిస్తోంది. అంతకంటే ముఖ్యం, రద్దీ ఎంతున్నా ఐడీ మాత్రం ఉండి తీరాలి. ఐడీ అంటే ఎవరో ఇచ్చే టోకెన్ నంబరు కాదు, ఆ లావాదేవీ వివరాల మీద లెక్కగట్టి తీసిన హ్యాష్, వేలిముద్రలాంటి సంఖ్య. లావాదేవీ తయారైన క్షణమే అది పుడుతుంది, బ్లాకులోకి ఎక్కడం తర్వాతి సంగతి. ఐడీ లేదంటే వాళ్లు ఇంకా పంపలేదనే.

ఆ తెర ఫొటో తీసి, టైముతో సహా జతచేసి మెయిల్ రాశాను: "రద్దీ లేదు. పంపి ఉంటే ఐడీ ఇవ్వండి. పంపకపోతే కంప్లీటెడ్ అని ఎందుకు చూపిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పండి." మొదటి జవాబు మళ్లీ అదే రద్దీ పాట, ఎప్పుడో రాసి పెట్టుకున్న వాక్యాలు. రెండోసారి అదే రాసి, ఇంకో ఫొటో జోడించి, ఫిర్యాదుల అధికారికి పంపమన్నాను. శనివారం రాత్రి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది, 'అంతర్గత ప్రక్రియ' జరుగుతోందట. అంతసేపూ తప్పు నెట్‌వర్క్ మీద నెట్టారు కదా, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే ఐడీ వచ్చింది. పెట్టి చూస్తే నా లావాదేవీ ఎడమవైపు వరసలో కనబడింది, ఏ బ్లాకులోకి ఎక్కబోతోందో పైన బాణం గుర్తు. తర్వాతి బ్లాకులోనే ఎక్కేసింది. కింద లావాదేవీ బొమ్మ ఉంటుంది, లోపలికొచ్చేవి ఎడమ, బయటికెళ్లేవి కుడి. నాది చూస్తే ఎడమవైపు ఒకే లావుపాటి గీత, కుడివైపు సన్నటి గీతలు చీలిపోతూ వందకు పైగా చిరునామాలు. అందులో నాదొకటి. ఫీజు తగ్గుతుందని ఇలా కలిపి పంపడం ఎక్స్ఛేంజీల అలవాటే, తప్పేమీ కాదు. కానీ ఆ శని ఆదివారాలు నాలాగే రద్దీ కబురు విని ఎదురుచూసినవాళ్లు అందులో ఎంతమంది ఉన్నారో అనిపించి బాధేసింది.

నెట్‌వర్క్ లోపమా, మధ్యవర్తి లోపమా అని తేల్చుకోగలగడం కొత్త మదుపరికి ధర ఊహించడం కంటే ముందు రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్స్ఛేంజీ యాప్‌లో మనకు కనబడే బ్యాలెన్స్ చెయిన్ మీద ఉండదు, వాళ్ల సొంత పుస్తకంలో ఒక వరస అది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగిలించినప్పుడు (నా డబ్బు అందులో లేదు) ఈ తేడా దేశమంతా తెలిసింది. అక్కడ పోయినవి ఈథీరియం అనే ఇంకో నెట్‌వర్క్ మీద టోకెన్లు కాబట్టి, దాని ఎక్స్‌ప్లోరర్ అయిన ఈథర్‌స్కాన్‌లో ఆ తరలింపులు ఎవరైనా చూడగలిగారు. ఖాతాదారుల యాప్‌లో మాత్రం అవే పాత అంకెలు.

ఇంత మెచ్చుకున్నాక ఇవీ చెప్పాలి. ఎవరి మాటా నమ్మక్కర్లేదన్నాను కదా, అది పూర్తిగా నిజం కాదు. చెయిన్‌ని నేను నేరుగా చదవడం లేదు, ఆ సైటు చదివి చూపిస్తోంది. అవసరమైన చోట బ్లాక్‌స్ట్రీమ్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్‌లో కూడా సరిచూసుకుంటున్నాను. ఇంకోటి, నా చిరునామా పెట్టి వెతికిన ప్రతిసారీ ఈ చిరునామా మీద ఈ ఇంటర్నెట్ కనెక్షన్‌వాళ్లకు ఆసక్తి ఉందని ఆ సర్వరుకి చెబుతున్నట్టే. పెద్ద మొత్తాలున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఈ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి సొంత నోడ్ (చెయిన్ మొత్తాన్ని దాచుకుని సరిచూసే కంప్యూటర్) పెట్టుకుని ఇంట్లోనే నడుపుకోవచ్చు. కాకపోతే చెయిన్ మొత్తం దింపుకోవాలంటే 600 జీబీ దాటి స్థలం కావాలి. నా దగ్గరున్న మొత్తానికి అంత ఖర్చు, శ్రమ ఇప్పుడు అవసరం అనిపించలేదు. తెలుగు లేదు, ఫోన్‌లో ఆ బొమ్మలు ఇరుకుగా ఉంటాయి. కంప్యూటర్‌లో చూడటమే మేలు.

అన్నిటికంటే పెద్ద పరిమితి మా అపార్ట్‌మెంట్‌లో బాబాయిగారి విషయంలో తెలిసింది. ఆయన టెలిగ్రామ్ గ్రూపులో పరిచయమైనవాళ్ల మాట విని ఒక ట్రేడింగ్ యాప్‌లోకి యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో) పంపారు. ఆ యాప్‌లో లాభాలు పెరుగుతూ పోయాయి, తీసుకోబోతే ముందు పన్ను కట్టమన్నారు. "ఏమ్మా, నీకీ లెక్కలు తెలుసంటగా, నా డబ్బు ఎక్కడుందో చూడు" అని వచ్చారు. ఆయన పంపింది ట్రాన్ నెట్‌వర్క్ మీద, మెంపూల్‌లో అవి రావు. దాని ఎక్స్‌ప్లోరర్ ట్రాన్‌స్కాన్ తెరిచాం. డబ్బు ఆ యాప్‌లో నిలవనే లేదు, చేరిన కాసేపటికే ఇంకో చిరునామాకి, అక్కణ్నుంచి మరోదానికి వెళ్లిపోయింది. "మరి ఇక్కడ కనబడుతోంది కదమ్మా, వెనక్కి లాక్కోలేమా?" అన్నారు. లేమండీ అని చెప్పడం చాలా కష్టమైంది. ఆ ఐడీలన్నీ రాసిచ్చి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ పన్ను డబ్బు మాత్రం ఆయన కట్టకుండా ఆగారు.

పన్నుల విషయంలోనూ ఈ సైటు సాయం కొంతే. లాభం మీద 30 శాతం, దానిమీద సెస్సు, అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్, ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో తీసేసుకోవడానికి వీల్లేదు. ఇవన్నీ మన పుస్తకంలో మనమే రాసుకోవాలి. అయితే ఎక్స్ఛేంజీ నుంచి సొంత వాలెట్‌కి మార్చుకున్నది అమ్మకం కాదని రేపెవరైనా అడిగితే చూపించడానికి ఐడీ, తేదీ దొరుకుతాయి. నేను ప్రతిదీ తేదీల వారీగా ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాను.

నాకైతే ఇది సరిగ్గా కుదిరింది. అప్పుల్లేవు, నెలాఖరున మిగిలిన దాంట్లో కొంచెమే ఇందులో పెడతాను, అదీ బిట్‌కాయిన్ ఒక్కటే, కొన్నాక కదిలించేది తక్కువ. అంకెలు చూస్తే విసుగు రాని వృత్తి. రోజూ ఎక్స్ఛేంజీలోనే కొని అమ్మేవాళ్లకు దీనితో పెద్దగా పని పడదు, ఎందుకంటే వాళ్ల లావాదేవీలు చెయిన్ దాకా రావు. ఈథీరియం టోకెన్లు కొనేవాళ్లు ఈథర్‌స్కాన్ నేర్చుకోవాలి, అది ఇంతకంటే గజిబిజి. కొనాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతున్నవాళ్లయితే, ఒక్క రూపాయి పెట్టకముందే 170వ బ్లాకు తెరిచి, ఆ 40 బిట్‌కాయిన్లు ఎందుకు వెనక్కి వచ్చాయో ఇంట్లో ఇంకొకరికి చెప్పి చూడండి. చెప్పలేకపోతే కొనడం ఇంకో నెల ఆపుకోవచ్చు.