వంద రూపాయల నాటకం, రెండున్నర వేల కాన్సర్ట్

ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్లేముందే ఒప్పందం కుదిరింది: శనివారం మావాడు కోరిన రాక్ కాన్సర్ట్, ఆదివారం నేను కోరిన సురభి వాళ్ల ‘మాయాబజార్’ నాటకం. రైలు, నాంపల్లి లాడ్జి (రోజుకు 1,400) బాగానే ఉన్నాయి.

కాన్సర్ట్ టికెట్టు తలకు 2,499. గేటు దగ్గరే మా నీళ్ల సీసాలు లాక్కున్నారు. లోపల నోట్లు చెల్లవు, ఫోన్‌పే చెల్లదు. చేతికో పట్టీ కట్టి, అందులో కనీసం 1,000 వేయించుకోవాలన్నారు. అరలీటరు నీళ్లు 80. నాలుగు సీసాలకు 320, చల్లారిపోయిన సమోసాలు రెండు ప్లేట్లకు 300. మిగిలిన 380 ఇమ్మంటే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండా, "ఆన్‌లైన్‌లో అప్లై చేస్కోండి అంకుల్" అన్నాడు. చేశాను. దానికి ఫీజు 50 అట!

7కి మొదలవ్వాల్సింది 8:40కి మొదలైంది. అప్పటికే మా ఆవిడ చెప్పులు విప్పి గడ్డిలో చతికిలబడింది. తీసుకొచ్చింది వాడైతే, "ఇంకా ఎంతసేపూ" అని నన్ను సతాయించడం.

అబద్ధమెందుకు, డ్రమ్ముల కుర్రాడు ఒక్కడే ఐదు నిమిషాలు వాయించినప్పుడు మాత్రం నేనూ లేచి నిలబడ్డాను. దెబ్బ పడినప్పుడల్లా పక్కటెముకలు అదిరాయి, చేతిలోని సీసాలో నీళ్లు వణికాయి. పాటలైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. గిటార్ల మోతలో పాడేవాడి గొంతు మునిగిపోయింది. బయటికొస్తే క్యాబ్ 910. రెండు కిలోమీటర్లు నడిచి బుక్ చేస్తే అదే క్యాబ్ 340. మీరెళ్తే ఆఖరి పాట వదిలేసుకుని ముందే బయటపడండి.

ఆదివారం రవీంద్రభారతి. టికెట్టు 100. లాడ్జి నుంచి నడిచే వెళ్లాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం ఇది. ఇప్పటికీ ఆ కుటుంబాల వాళ్లే వేషాలు కడతారు, తెరలు లాగుతారు. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. టపాసుల మందు వాసన మా వరుసదాకా వచ్చింది. ఘటోత్కచుడు నోరు తెరిస్తే పళ్లెంలోంచి లడ్డూలు ఒక్కొక్కటే ఎగిరి వెళ్లి నోట్లో పడుతున్నాయి. అప్పటిదాకా ఫోన్లో మునిగున్న మావాడు సీటు అంచుకు జరిగి, "అదిగో నాన్నా, తీగ!" అని గట్టిగా అరిచాడు. ముందు వరుసలో పెద్దాయన నెమ్మదిగా వెనక్కి తిరిగి, "మాకూ కనబడుతోంది బాబూ" అని మళ్లీ స్టేజీ వైపు తిరిగాడు. మా ఆవిడ వాడి తొడ మీద గిల్లింది.

ముందు వరుసల కోసం ఎగబడకండి. పదో వరుస నుంచి చూస్తేనే మాయ మాయలా ఉంటుంది.

తిరుగు రైల్లో వాడు అడిగింది ఒకటే, అవి నిజం లడ్డూలేనా అని. పట్టీ తాలూకు 330 మూడు వారాలైనా రాలేదు. మా ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది, అదీ నన్నే.