సొరంగ మార్గమా, సబర్బన్ రైలా: బెంగళూరులో సర్కారు డబ్బు ఎటు పెడితే మేలు?

హెబ్బాళలో ఒక్కసారైనా ఇరుక్కోని తెలుగువాడు బెంగళూరులో దొరకడు. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వైపు పోయే బండ్లు చాలావరకు ఆ ఫ్లైఓవర్ మీదుగానే పోతాయి. ఊరికి రెండో కొసన సిల్క్ బోర్డు కూడలి ఉండనే ఉంది. ఈ రెంటినీ కలుపుతూ నేల కింద జంట సొరంగాలు తవ్వడానికి కర్ణాటక ప్రభుత్వం పూనుకుంది. పొడవు సుమారు 16.7 కిలోమీటర్లు, ఖర్చు అంచనా 17,700 కోట్ల దరిదాపు. మధ్యలో మేఖ్రి సర్కిల్, రేస్ కోర్సు, లాల్‌బాగ్ దగ్గర ఎక్కి దిగే ర్యాంపులు. 2025లో టెండర్లు పిలిచారు.

ఇదే నగరానికి కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులోనే ఆమోదించిన సబర్బన్ రైలు పథకం కూడా ఉంది. నాలుగు మార్గాలు, 148 కిలోమీటర్లు, 15,767 కోట్లు. 2022 జూన్‌లో ప్రధాని శంకుస్థాపన చేస్తూ, నలభై ఏళ్లుగా నానుతున్న పనిని నలభై నెలల్లో చేసి చూపిస్తామన్నారు. ఆ నలభై నెలలు 2025 అక్టోబరుకే నిండాయి, రైలు మాత్రం ఒక్క మార్గంలోనూ కదల్లేదు.

రెంటిలో ఏది మేలు అంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా వచ్చి పడేది కిలోమీటరు లెక్క. సొరంగానికి కిలోమీటరుకు వెయ్యి కోట్ల పైన, రైలుకు నూటారు కోట్లు, పదింతల తేడా ఉంటే ఇంకా చర్చ ఏమిటంటారు. నాకు ఆ లెక్క మీద గురి లేదు. సబర్బన్ రైలు చాలావరకు ఇప్పుడున్న పట్టాల పక్కనే, రైల్వే స్థలంలోనే పడుతుంది. కొనాల్సిన భూమి తక్కువ, తవ్వాల్సిన రాయి అంతకన్నా తక్కువ, కాబట్టి చౌకగా రాక ఏమవుతుంది? మెట్రోనైనా సరే భూమి కిందికి దింపితే బిల్లు పేలిపోతుంది. సర్జాపుర నుంచి హెబ్బాళ దాకా అనుకుంటున్న రెడ్ లైను పొడవు 37 కిలోమీటర్లు కూడా లేదు, అందులో సగం కూడా భూగర్భం కాదు, అయినా రాష్ట్రం 2024లో ఒప్పుకున్న అంచనా 28 వేల కోట్లు దాటింది.

నేను చూసేది వేరే లెక్క. ఖజానా నుంచి నేరుగా ఎంత పోతుంది? దాన్ని తిరిగి ఎవరి జేబులోంచి రాబడతారు? అంచనా తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

సొరంగం కావాలనేవాళ్ల బలమైన మాట ఒకటుంది: "ప్రైవేటు కంపెనీ కట్టి, కొన్నేళ్లు టోలు వసూలు చేసుకుని, తర్వాత సర్కారుకు అప్పగిస్తుంది, మన డబ్బు కాదు కదా." పద్ధతి అదే, నిజమే. కానీ టోలు రాబడి ఒక్కదానితో ఇంత ఖర్చు గిట్టదని వాళ్లకూ తెలుసు. అందుకే ఖర్చులో 40 శాతం దాకా ప్రభుత్వమే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో ఇచ్చేలా పథకం వేశారు. 17,700 కోట్లలో 40 శాతం అంటే ఏడు వేల కోట్లు. ఇప్పుడు రైలు వైపు చూడండి. అందులో రాష్ట్రం వాటా 20 శాతం, కేంద్రం వాటా 20 శాతం, మిగతా 60 శాతం అప్పు. రాష్ట్రం వాటా గుణిస్తే 3,150 కోట్ల చిల్లర. అంటే ప్రైవేటుది అంటున్న సొరంగానికి రాష్ట్ర ఖజానా పెట్టేది, సర్కారుదైన రైలుకు పెట్టేదానికి రెండింతలకు పైనే. ఈ మాట చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. కాగితం మీద వేసుకుని చూడటానికి రెండు నిమిషాలు చాలు.

రైలు పక్షం వాళ్లు ఇక్కడే చప్పట్లు కొట్టేసి ఇంటికి పోతారు. ఆగండి. ఆ 60 శాతం అప్పు సుమారు 9,460 కోట్లు. అందులో పెద్ద భాగం జర్మనీ వారి కేఎఫ్‌డబ్ల్యూ, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ఇస్తున్నాయి, తీర్చాల్సింది మనమే. సబర్బన్ టికెట్ల మీద లాభం రాదు. కిక్కిరిసి నడిచే ముంబై లోకల్ రైళ్లే రైల్వేకు నష్టం తెస్తున్నాయి. కాబట్టి రైలు అప్పు కూడా చివరికి ఏదో ఒక ఖజానా తీర్చేదే. తేడా అల్లా, ఆ భారం మొదటి రోజే పత్రాల మీద కనబడుతుంది. సొరంగంలో అది టోలు ఒప్పందం లోపల దాక్కుని ఉంటుంది.

దాక్కుని ఉంటే ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లను అడగొచ్చు. అక్కడి మెట్రో మొదటి దశ, 69 కిలోమీటర్లు, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిందే. టికెట్లు, మాల్స్ రాబడితో గిట్టుబాటవుతుందని లెక్కలు వేశారు. గిట్టలేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ మెట్రోను సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా తానే తీసుకోవడానికి ఒప్పుకుంది. రోజుకు నాలుగు లక్షల మందికి పైగా ఎక్కే మెట్రో గతే అది. ఎక్కువగా కార్లే పోయే సొరంగంలో అనుకున్నన్ని కార్లు రాకపోతే కంపెనీ నష్టం మోసి ఊరుకుంటుందా? టోలు పెంచమంటుంది, గడువు పొడిగించమంటుంది, కుదరకపోతే తాళాలు సర్కారు చేతిలో పెడుతుంది.

కార్లు వస్తాయా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు టోలు 330 రూపాయల దాకా ఉంటుందని వార్తలు వచ్చాయి. నెలకు 22 పని దినాలు, రానూ పోనూ లెక్కిస్తే 14,520 రూపాయలు. మారతహళ్లిలో షేరింగ్ రూములో మంచం అద్దె అందులో సగం. మదనపల్లి నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడిపే తమ్ముడొకణ్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కస్టమర్ టోలు ఇస్తే సొరంగం, లేకపోతే పాత దారే అన్నా." పైగా టూవీలర్లకు, ఆటోలకు లోపలికి ప్రవేశం లేదు. బెంగళూరులో రిజిస్టరైన బండ్లు కోటి దాటాయి, వాటిలో మూడింట రెండు వంతులు టూవీలర్లే. అంటే ఏడు వేల కోట్ల ప్రజాధనంతో వేసే దారి మీద నగరంలో ఎక్కువ బండ్లకు హక్కే లేదు. డెలివరీ పిల్లలు, నర్సులు, సెక్యూరిటీ గార్డులు అందరూ పైన పాత పొగలోనే.

మోసే శక్తి చూద్దాం. ఒక వరుసలో గంటకు 1,800 కార్లు పోతే చాలా బాగా పోయినట్టు. కారుకు ఒకటిన్నర మనిషి చొప్పున 2,700 మంది. ఆరు పెట్టెల రైల్లో పదిహేను వందల మంది పడతారు, పది నిమిషాలకొకటి వేసినా గంటకు తొమ్మిది వేలు. ఈ పాఠం అందరికీ తెలిసిందే, సాగదీయను. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది సొరంగం మూతి. సిల్క్ బోర్డులో దిగినవాడు ఇరవై అయిదు నిమిషాల్లో హెబ్బాళలో తేలతాడనే అనుకుందాం. తేలాక ఎక్కడికి? అదే బళ్లారి రోడ్డు, అదే సాయంత్రం, ఎయిర్‌పోర్టుకు పోయే అవే కార్ల వరుస. లోపల మిగిలిన సమయాన్ని బయట ఖర్చు పెట్టాలి.

ఇంకో సంగతి చర్చల్లో ఎందుకు రాదో నాకు అర్థం కాదు. ఈ రెండు కొసల్ని కలిపే పని ఇప్పటికే నడుస్తోంది. మెట్రో బ్లూ లైను సిల్క్ బోర్డు నుంచి అవుటర్ రింగు రోడ్డు మీదుగా కేఆర్ పురం, అక్కడి నుంచి హెబ్బాళ, ఆపైన ఎయిర్‌పోర్టు దాకా పోతుంది. మొత్తం 58 కిలోమీటర్లు, 2021లో కేంద్రం ఆమోదించిన ఖర్చు 14,788 కోట్లు. 2025 ఫిబ్రవరిలో పెంచిన ఛార్జీల ప్రకారం మెట్రోలో అత్యధిక టికెట్ 90 రూపాయలు. పెంచినప్పుడు అందరం తిట్టుకున్నాం, 330 పక్కన పెట్టి చూస్తే ఆ కోపం కాస్త చల్లారుతుంది. బ్లూ లైను నడిచాక ఎంతమంది కార్లు ఇంట్లో వదిలేస్తారో చూడకుండా, అవే రెండు కొసల మధ్య టోలు రాబడిని అంచనా వేసి ముప్పై ఏళ్ల పనికి దిగడం ఏం ప్రణాళికో. లాల్‌బాగ్ కింద తవ్వకం మీద లేచిన గొడవ వేరే కథ. అక్కడి బండను జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు, వయసు మూడు వందల కోట్ల ఏళ్లు.

ప్రణాళిక మాట వచ్చింది కాబట్టి: సొరంగం బీ-స్మైల్ సంస్థది, రైలు కే-రైడ్‌ది, మెట్రో బీఎంఆర్‌సీఎల్‌ది, ఊరి చుట్టూ అనుకుంటున్న రింగు రోడ్డు బీడీఏది. వీటన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టడానికి బెంగళూరు మహానగర భూ రవాణా ప్రాధికార చట్టం 2022లో చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, సంస్థలు మాత్రం ఎవరి డీపీఆర్ (పథకం వివర నివేదిక) వాళ్లు చంకన పెట్టుకుని తిరుగుతున్నాయి. ఒకే పెళ్లికి నలుగురు నాలుగు మండపాలు మాట్లాడుకొచ్చినట్టుంది.

ఇంత చెప్పాక రైలే మేలు అని సంతకం పెట్టేయొచ్చు. నా తీర్పు కూడా అటే, కాకపోతే ఒక భయంతో. ఆ భయం పేరు హైదరాబాద్ ఎంఎంటీఎస్. 2003లో మొదలైనప్పుడు నగరం మురిసిపోయింది. తర్వాత రెండో దశ పదేళ్లు సాగింది. రాష్ట్రం వాటా డబ్బు సమయానికి రాక పనులు పడకేశాయి, కొత్త మార్గాలు 2023 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. దూరపు రైళ్లతో పట్టాలు పంచుకోవడం వల్ల ఎంఎంటీఎస్ ఎప్పుడొస్తుందో నమ్మకం ఉండదు. నమ్మకం లేని రైలు ఎంత చౌకైనా ఆఫీసుకు పోయేవాడు ఎక్కడు. బెంగళూరు సబర్బన్‌కు పట్టాలు విడిగా వేస్తున్నారు, అది పెద్ద మేలు. డబ్బు ఆలస్యం, ఆఫీసుల మధ్య ఫైళ్ల ఆలస్యం మాత్రం ఇక్కడా మొదలైపోయాయి. కే-రైడ్‌లో రాష్ట్రానికి 51 శాతం, రైల్వే శాఖకు 49 శాతం వాటా. రెండు చోట్లా సంతకం పడితేగాని స్థలం చేతికి రాదు. స్థలం రాక, పని సాగక, 2025లో ప్రధాన గుత్తేదారు సంస్థ ఒప్పందాల నుంచే తప్పుకుంది.

సొరంగం ఆపితే ఆ డబ్బు రైలుకు పోతుందనుకోవడం కూడా ఆశే. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవర్ కడతామన్నప్పుడు జనం 'బేడా' (వద్దు) అని రోడ్డెక్కారు, 2017లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ పద్దెనిమిది వందల కోట్లు పట్టాలుగా మారలేదు.

మూడో దారి గురించి రెండు మాటలు. తుమకూరు రోడ్డు నుంచి హోసూరు రోడ్డు దాకా 73 కిలోమీటర్ల పెరిఫెరల్ రింగు రోడ్డు ఉంది, ఇప్పుడు దాని పేరు బెంగళూరు బిజినెస్ కారిడార్. ఊరిని తాకకుండా పోయే లారీలకు అది నిజంగా అవసరమే. దాని ఖర్చులో పెద్ద ముద్ద భూమి పరిహారం. దాదాపు ఇరవై ఏళ్లుగా అమ్ముకోలేక, కట్టుకోలేక ఆ గ్రామాల రైతులు నలిగిపోతున్నారు. ఈలోగా ఇంకా బయటగా, దొబ్బస్‌పేట నుంచి హొసకోటె దాకా కేంద్రం వేసిన శాటిలైట్ టౌన్ రింగు రోడ్డు 2024లో తెరుచుకుంది. తుమకూరు వైపు నుంచి చిత్తూరు, చెన్నై పోయే లారీ హెబ్బాళ ముఖం చూడక్కర్లేదు. నగరం లోపల దారుల మీద పెట్టే డబ్బుకన్నా ఈ బయటి దారి మీద పెట్టిందే నా దృష్టిలో ఎక్కువ పని చేసింది.

కాబట్టి నా వరస ఇది. సొరంగానికి అనుకున్న ఏడు వేల కోట్లలో సగమైనా ముందు సబర్బన్ రెండు మార్గాలకు, తక్కినది బస్సులకు. ఒకటి మల్లిగె మార్గం, బైయ్యప్పనహళ్లి నుంచి చిక్కబాణావర, 25 కిలోమీటర్లు, హెబ్బాళ, యశ్వంతపుర తగులుతూ. రెండోది కనక మార్గం, హీలలిగె నుంచి రాజానుకుంటె, 47 కిలోమీటర్లు, కార్మెలారం, బెళ్లందూరు రోడ్డు, మారతహళ్లి, యలహంక మీదుగా. మనవాళ్లు ఎక్కువగా ఉండే తూర్పు బెంగళూరు చాలావరకు ఈ రెంటి పక్కనే ఉంది, బెన్నిగానహళ్లి దగ్గర మెట్రో కూడా అందుతుంది. ఎయిర్‌పోర్టు వైపు పోయే సంపిగె మార్గానికి రాజకీయంగా గ్లామర్ ఎక్కువ, దానికి తొందరేం లేదు. బ్లూ లైను అక్కడికే పోతోంది.

సొరంగం ఎవరికి మేలు అంటే, కంపెనీ టోలు కట్టే పెద్ద ఉద్యోగికి, అత్యవసరంగా విమానం అందుకోవాల్సినవాడికి. వాళ్లూ పౌరులే, కాదనను. వాళ్ల కోసం రాష్ట్రం ఏడు వేల కోట్లు ఎదురివ్వాలా అన్నదే పేచీ. పూర్తిగా టోలు రాబడి మీదే, ఒక్క రూపాయి గ్రాంటు లేకుండా కట్టే కంపెనీ వస్తే నాకు అభ్యంతరం ఉండేది కాదు. అలాంటి టెండరు పిలిస్తే ఎవరొస్తారో చూడాలని ఉంది.

ఈ మధ్య 'సబర్బన్ స్టేషన్‌కు అయిదు నిమిషాలు' అని బ్రోచర్లు వేసి ఫ్లాట్లు అమ్ముతున్నారు. కొనేముందు ఆ స్టేషన్‌లో ఈ రోజు ఏ రైలు ఆగుతుందో, సాయంత్రం ఆరు గంటలకు ఇంటికి తిరిగి రావడానికి ఏదైనా ఉందో లేదో టైంటేబుల్లో చూసుకోండి. లేకపోతే కారు లోను కూడా కలుపుకుని ఈఎంఐ లెక్క వేసుకోండి.