తాబేలు గుడ్లు: గూట్లోనే ఉంచాలా, హ్యాచరీకి మార్చాలా?

వరంగల్ నుంచి విశాఖ వెళ్లే మనవాళ్లు బీచ్‌లో కంచె వేసిన హ్యాచరీ (తాబేలు గుడ్లను తెచ్చి ఇసుకలో పాతి, పిల్లలయ్యేదాకా కాపాడే చోటు) చూసి, "గుడ్లు తల్లి పెట్టిన చోటే ఉంచొచ్చు కదా" అంటారు. ఉంచగలిగితే అదే మేలు. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు ఒక విడతకు సుమారు 100 గుడ్లు పెడుతుంది. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి; వేడెక్కువైతే ఆడవే ఎక్కువ. చోటు మారిస్తే ఆ లెక్కా మారొచ్చు. పైగా మార్చేదేదో పెట్టిన కొన్ని గంటల్లోనే, గుడ్డు తిప్పకుండా మార్చాలి. ఆలస్యమైతే పిండం చచ్చిపోవచ్చు.

కానీ కుక్కలు తిరిగే, రాత్రంతా లైట్లు వెలిగే తీరంలో గూడు మిగలడమే కష్టం. పిల్లలు సముద్రం వదిలి రోడ్డు వెలుగు వైపు పాకుతాయి. అక్కడ హ్యాచరీయే నయం, గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలను ఆలస్యం చేయకుండా సముద్రంలోకి వదిలితేనే. జనం లేని తీరంలో మాత్రం కాపలా చాలు, గూడును కదిలించొద్దు.