రెండేళ్ళు వాడాక: నేల మీద పాటీ, కమోడ్ మీద చిన్న సీటు, ఒక పీట

డైపర్ మాన్పించి ఉచ్చకూ కక్కకూ కూర్చోవడం నేర్పేందుకు ఇద్దరు పిల్లలకు కలిపి రెండేళ్ళకు పైగా వాడిన వస్తువులివి: నేల మీద పెట్టే ప్లాస్టిక్ పాటీ (గిన్నె అమర్చిన పిల్లల చిన్న టాయిలెట్), కమోడ్ మీద అమర్చే చిన్న సీటు, మడత నిచ్చెనతో వచ్చే సీటు, పొరలు వేసి కుట్టిన కాటన్ ట్రైనింగ్ చెడ్డీలు. వీటితోపాటు విడిగా కొన్న ఒక ప్లాస్టిక్ పీట. పాటీకీ పీటకీ పూర్తి మార్కులు. నిచ్చెన సీటు కొనకపోయినా నష్టం లేదు.

పాటీలో ముందు చూడాల్సింది ఎత్తు. బిడ్డను కూర్చోబెట్టి మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలవండి. పాటీ సీటు ఆ కొలతకు సమానంగానో, ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగానో ఉండాలి. అరికాళ్ళు రెండూ నేలకు ఆని, మోకాళ్ళు నడుం కంటే కాస్త పైకి ఉంటేనే కింది కండరాలు వదులవుతాయి. కాళ్ళు వేలాడుతుంటే ఎక్కడ పడిపోతానోనని బిడ్డ ఒళ్ళు బిగబడుతుంది, ఆ బిగువులో కక్క రాదు. చంటిబిడ్డను అమ్మమ్మలు తమ పాదాల మీద కూర్చోబెట్టి ‘స్స్...’ అనేటప్పుడు కుదిరేది సరిగ్గా ఈ భంగిమే.

గిన్నె పైనుంచి ఎత్తి తీసేదై ఉండాలి. వెనక నుంచి సొరుగులా లాగే రకంలో సీటుకీ గిన్నెకీ మధ్య సందు మిగులుతుంది. బిడ్డ ముందుకు వంగితే ఉచ్చ ఆ సందులోంచి దిగి అడుగున నిలవుంటుంది. గిన్నె తీసిన చోటును రోజూ తుడవకపోతే వారం తిరక్కుండా కంపు మొదలవుతుంది. మగపిల్లల కోసం ముందువైపు పెట్టే అడ్డు మరీ ఎత్తయితే కూర్చునేటప్పుడు తగులుతుంది. ఒక్కసారి నొప్పి పుడితే చాలు, తర్వాత కొన్ని రోజులు దాని దగ్గరికే రారు. పొట్టి అడ్డున్నది కొని, కూర్చున్నాక అంగాన్ని కిందికి వంచుకోవడం నేర్పడం మేలు.

పాటలు పాడే పాటీలు వద్దు. తడి తగిలితే మోగే సెన్సర్ కడిగే నీళ్ళకీ మోగుతుంది. ఉచ్చ మధ్యలో ఆ మోతకు ఉలిక్కిపడి ఆపేసుకునే పిల్లలున్నారు. బ్యాటరీ అరలోకి నీళ్ళు దిగి సెల్స్ పాడవుతాయి. కారు రూపంలో ఉన్నవాటి మీద చెడ్డీతోనే ఎక్కి ఆడుకుంటారు, అసలు పని వెనకబడుతుంది.

కూర్చోబెట్టే ముందు గిన్నెలో అరగ్లాసు నీళ్ళు పోస్తే కక్క అతుక్కోదు. అయ్యాక దాన్ని కమోడ్‌లోనే పారబోయాలి. పసిపిల్లల దొడ్డికి దోషం లేదనే మాట తప్పు, అందులోనూ రోగక్రిములుంటాయి. పెరట్లోనో కాలవలోనో వేయకూడదు. బిడ్డ చేతులూ మన చేతులూ సబ్బుతో కడగాలి. బోరు నీళ్ళున్నచోట గిన్నెలో తెల్లటి పొర కడుతుంది. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి అరగంట ఉంచి తోమితే వదిలిపోతుంది. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి టాయిలెట్ యాసిడ్ వాడకండి. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో అసలే కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

ఇక కమోడ్ సీటు. మెత్తటి స్పాంజి ఉన్నది చూడ్డానికి బాగుంటుంది గానీ, నీళ్ళతో కడుక్కునే మన ఇళ్ళకు సరిపడదు. జెట్ స్ప్రే నీళ్ళు కుట్లలోంచి లోపలికి వెళ్ళి స్పాంజి ఆరదు, నెలల్లోనే ముక్కిన వాసన. గట్టి ప్లాస్టిక్‌దే మంచిది. కొనేముందు మీ కమోడ్ గుండ్రటిదో, కోలగా ఉన్నదో చూసుకోండి. అడుగున రబ్బరు పట్లు లేకపోతే బిడ్డ కదిలినప్పుడల్లా సీటు పక్కకు జారుతుంది. పీట తప్పనిసరి. సీటు మీద కూర్చోబెట్టి, అరికాలికీ నేలకీ మధ్య ఎంత ఎత్తుందో కొలిచి అంత పీట కొనండి. అదే పీట చేతులు కడుక్కోవడానికీ పనికొస్తుంది.

నిచ్చెన సీటు తడి టైల్స్ మీద జారుతుంది, మరలు వదులవుతాయి, మెట్టు ఎత్తు కాళ్ళకు కుదరదు. ఒకటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ తీసి పక్కన పెట్టాలి. చివరికి అది బాల్కనీ చేరుతుంది.

నేల బేసిన్ ఉన్న ఇళ్ళలో భంగిమకు లోటు లేదు. చిక్కల్లా పాదాల మెట్ల మధ్య దూరం పెద్దవాళ్ళకు తగ్గట్టుండటమే. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకుంటే పడిపోతానన్న భయం తగ్గుతుంది.

ట్రైనింగ్ చెడ్డీలు ఒక చిన్న ఉచ్చను మాత్రమే పీలుస్తాయి. రెండోది కారిపోతుంది. వానాకాలంలో ఒక రోజులో ఆరవు, కనీసం ఎనిమిది కావాలి. బిడ్డే లాక్కోగలిగేంత వదులు ఎలాస్టిక్ ఉన్నవి తీసుకోండి. బయటికెళ్ళేటప్పుడు పనికొస్తాయి, ఇంట్లో మామూలు చెడ్డీ చాలు.

రెండు గంటలపాటు చెడ్డీ పొడిగా ఉండటం, తడిస్తే చెప్పడం, చెడ్డీ దించుకోగలగడం కనిపించాకే ఇవన్నీ పనికొస్తాయి. చాలామందిలో ఏడాదిన్నరకూ మూడేళ్ళకూ మధ్య ఆ దశ వస్తుంది. తిండి కడుపులో పడగానే పేగులు కదులుతాయి, అందుకే తిన్న పదిహేను నిమిషాల నుంచి అరగంటలోపు కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు చాలు, ఫోన్ ఇవ్వొద్దు. కాకపోతే లేపేయండి, కోప్పడొద్దు. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే కడగాలి.

ఉచ్చకు వెళ్తూ కక్కకు మాత్రం మొరాయిస్తే పాటీని మార్చకండి, కడుపు చూడండి. గట్టిగా వచ్చి ఒకసారి నొప్పి పుడితే బిడ్డ ఆపుకుంటుంది. ఆపుకున్నకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. మునివేళ్ళ మీద నిలబడటం, కాళ్ళు మెలివేయడం, కర్టెన్ వెనక దాక్కోవడం దీని గుర్తులు. గట్టి మలం పక్కనుంచి పల్చగా కారి చెడ్డీకి అంటితే విరేచనాలనుకుని పొరబడతారు. పాలు అతిగా పట్టడం తగ్గించి నీళ్ళు, జామ, బొప్పాయి, ఆకుకూర పప్పు పెంచండి. వారానికి మూడుసార్ల కంటే తక్కువ వెళ్తున్నా, రక్తం కనిపించినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ఈ మలబద్ధకం తగ్గేదాకా బిడ్డ డైపరే అడిగితే ఇవ్వండి, కాకపోతే బాత్రూమ్‌లోనే తొడగండి.

రాత్రిపూట పక్క తడపకపోవడం శరీరం ఎదిగితే వచ్చేది. ఐదేళ్ళ దాకా తడిసినా మామూలే. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ ఇంకో షీటు, ఇంకో దుప్పటి వేసి ఉంచితే, అర్ధరాత్రి పై రెండూ లాగేసి బిడ్డను మళ్ళీ పడుకోబెట్టొచ్చు.