సిరిమాను పోస్టరుకు లక్కిరెడ్డి ఫాంటు పనికొస్తుందా?

పనికొస్తుంది, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర పోస్టరులో హెడ్డింగు వరకు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లలో ఇదొకటి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. చేతిరాత వాటం ఉంది గానీ కుంచె గరుకు లేదు. అంచులు నున్నగా ఉంటాయి. పోస్టరు కుంచెతో రాసినట్టు కనిపించాలంటే ఆ గరుకు మనమే తెచ్చుకోవాలి.

ఇదే వరుసలో గిడుగు, గురజాడ పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు కదా అని మురిసిపోయి పెట్టేయకండి, ఈ పనికి అవి కుదరవు.

అనులో (యూనికోడ్ కాని పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) కొట్టిన మేటరు నేరుగా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోండి. ఫాంటుకు ఒక్కటే మందం. బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతను ఉబ్బిస్తుంది, వత్తుల్లోని ఖాళీలు పూడిపోతాయి. ‘పైడితల్లి’ కింద ‘సిరిమానోత్సవం’ వేస్తే పై లావత్తు కింది గుడులను గుద్దుకుంటుంది. లైన్ల మధ్య ఎడాన్ని సాఫ్ట్‌వేరే పెట్టే ఆటో లీడింగ్‌ను నమ్మకుండా రెండు లైన్లనూ వేరుగా పెట్టి చేత్తో జరపడం మేలు.

ఇక గరుకు. రెడీమేడ్ గ్రంజ్ టెక్స్చర్ (గరుకు మచ్చల బొమ్మ) అక్షరాల మీద పరిచేస్తే గోడ పెచ్చులూడినట్టు ఉంటుంది తప్ప కుంచె రాతలా ఉండదు. కుంచె చార గీతతోపాటు తిరుగుతుంది. మన అక్షరాలు గుండ్రం కాబట్టి అడ్డంగా ఒకే దిక్కుకు పోయే చారలు ‘ళ’ మీద ఇట్టే పట్టుబడతాయి. పైగా కుంచెలో రంగు అయిపోయేది గీత మొదట్లో కాదు, చివర్లో. అందుకని చారలు తలకట్టు కొసన, ‘శ్రీ’లోని క్రావడి తోకన, దీర్ఘం చివరన పెడితే చాలు. మిగతా ఒళ్లు నిండుగానే ఉండనివ్వండి.

పోస్టర్ కలర్ అంటిన కుంచెను పాత పేపరు మీద సగం తుడిచి, డ్రాయింగ్ షీటు మీద నాలుగైదు చారలు లాగండి. కొన్ని తిన్నగా, కొన్ని వంపుగా. 600 డీపీఐలో స్కాన్ చేసి థ్రెషోల్డ్ ఇచ్చి (అంటే నలుపు, తెలుపు మాత్రమే మిగిల్చి), ఒక్కో కొసకు ఒక్కో చారను తిప్పి మాస్కుగా, అంటే అక్షరంలో ఆ చోటును దాచే పొరగా, వాడాలి. ‘శ్రీకాకుళం’లో రెండు ‘క’లు పక్కపక్కనే వస్తాయి. రెండింటికీ ఒకే చార వాడారో, కంప్యూటర్ పని అని తెలిసిపోతుంది.

10 అడుగులకు 4 అడుగుల ఫ్లెక్సీకి అసలు సైజులో 72 డీపీఐ సరిపోతుంది: 8640 బై 3456 పిక్సెళ్లు. సన్నని చారలు రోడ్డు మీది నుంచి కనిపించవు, లావుగానే ఉంచండి. పెళ్లి కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్ అయితే సన్న చారల్లో ఇంకు పూడుకుపోతుంది. రేడియం కటింగుకు గరుకు అసలొద్దు. బ్లేడు ప్రతి చిన్న చుక్క చుట్టూ తిరుగుతుంది, అనవసరమైన స్టిక్కరు పీకేటప్పుడు అక్షరం ముక్కలూ దాంతోపాటే లేచొస్తాయి. దానికి లక్కిరెడ్డిని ఉన్నదున్నట్టు వాడుకోవడమే.